తొంభై రెండు పాయింట్ల ఏడుపు

రాష్ట్రంలోకెల్లా ఆనందంగా ఉన్న ఊరు మాది. ఈ మాట నేనంటున్నది కాదు. రాష్ట్ర నాద స్వస్థతా మండలి వారు అద్దాల చట్రంలో బిగించి, కింద ముద్ర కొట్టి మరీ ఇచ్చారు. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు, మా పంచాయతీ గోడకు వేలాడుతోంది. వచ్చేటప్పుడు మూతికి తడిగుడ్డ కట్టుకుని రండి.

ఊరి పేరు తెల్లగుట్ట. గుట్ట పుట్టుకతో తెల్లది కాదు. పలుగురాయిని పిండి చేసే మిల్లులు మూడున్నాయి మాకు. గాజు చేసేవాళ్లకు ఆ పిండి కావాలట. ముప్పై ఏళ్లుగా అది గుట్ట మీద, ఇళ్ల మీద, మా మీద పడుతోంది. ఊపిరితిత్తుల్లోకి పోయింది మళ్లీ బయటికి రాదు. పదేళ్లు మిల్లులో చేసిన మగవాడికి నలభై దాటాయంటే మా ఊళ్లో అతను పెద్దమనిషి కింద లెక్క, ఎందుకంటే అంతకంటే పెద్దవాళ్లు లేరు.

మాకున్న భాగ్యమల్లా గురువారం బండి. జిల్లా ఆస్పత్రి నుంచి వారానికొకసారి వచ్చేది. లోపల ఎక్స్‌రే మిషను, ఫర్హానా అనే డాక్టరమ్మ, ఆక్సిజన్ సిలిండర్లు. మా వదిన ఉశేనమ్మ పెనిమిటి కుర్మయ్య ఆ సిలిండర్ గొట్టం ముక్కుకు పెట్టుకునే బతుకుతున్నాడు. నాకు వరసకు అన్న అవుతాడు. ఇద్దరం ఒకే మిల్లులో బస్తాలెత్తాం. నేను నోరు చేసుకుంటున్నానని నాలుగేళ్లకే తరిమేశారు, ఆయన మంచివాడని పద్నాలుగేళ్లు ఉంచుకున్నారు. ఆ మంచితనమే ఇప్పుడు దగ్గుతోంది.

"ఈడు నా బామ్మర్ది," అనేవాడు కుర్మయ్య సిలిండర్ మీద చెయ్యేసి. "గురువారం వస్తడు, బుధవారం దాంక ఉంటడు. కూడు వెట్టే పనిలేదు, కల్లు వొయ్యమనడు."

ఆ బామ్మర్ది రాకపోకల మీదే ఈ కథంతా.

*

నాద మండలి వాళ్లు మొదట మూడు కార్లలో వచ్చారు. డైరెక్టరు వసంతభూపాల్ గారు బడి ముందు షామియానా కింద నిలబడి మాట్లాడారు. ఆయన విదేశంలో ఏదో సభకు వెళ్లి, అక్కడ ముసలివాళ్లకు పాటలు వినిపిస్తే ఆరోగ్యం కుదుటపడిందని విని వచ్చారు. వినడమే ఆలస్యం, పథకం అయింది.

"దుర్బల సముదాయములకు ఔషధము చేరవలెనన్న రోడ్డు కావలెను," అన్నారాయన. "నాదమునకు రోడ్డుతో నిమిత్తము లేదు. ఇదియే మా మండలి యొక్క మౌలిక దృక్పథము."

మాకు రోడ్డు లేని మాట నిజమే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

పంచాయతీ మీద నాలుగు మైకులు కట్టారు. పొద్దున ఆరింటికి దగ్గు తగ్గించే రాగం. పదింటికి ఆయాసం తగ్గించేది. సాయంత్రం నాలుగింటికి నిస్పృహ పోగొట్టేది. ఆ టైముకు మిల్లు షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు తల మీది బస్తా దించినా దించినట్టుండదు కాబట్టి, నిస్పృహ పోయిందో లేదో తెలుసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

తర్వాత మురళులు పంచారు. దుమ్ముజబ్బు ఉన్న ప్రతి మగవాడికీ ఒకటి. ఊదితే ఊపిరితిత్తులు విప్పారతాయట.

కుర్మయ్య మురళి పెదవుల దాకా తీసుకుపోయాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి, మురళిలో నుంచి మాత్రం ఏమీ రాలేదు. మండలి ఉద్యోగి అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు ఊదడం లేదు?"

"ఊపిరి లేదు సారూ," అన్నది ఉశేనమ్మ.

"అలాంటి గడి లేదమ్మా ఇందులో. 'వాయించెను', 'ఆసక్తి లేదు'. ఈ రెండే ఉన్నాయి."

"ఆసక్తి లేదని రాస్కో సారూ," అన్నాడు కుర్మయ్య, దమ్ము తీసుకుని. "ఊపిరి మీద నాకు మునుపటంత ఆసక్తి లేదు."

అతను రాసుకున్నాడు. ఆ మురళితో ఉశేనమ్మ మర్నాటి నుంచి పొయ్యి ఊదుకుంది. బొక్కలు వేళ్లతో మూసుకోవాలి గానీ మంచి గొట్టమే.

*

అన్నిటికంటే ముఖ్యమైనది ఊరి నడుమ కరెంటు స్తంభానికి వాళ్లు బిగించిన బూడిదరంగు డబ్బా. దాని పేరు నాదమాపని. ఊళ్లో మనుషులు పాడే పాటను అది వింటుంది. మైకు పాట వేరు, మనిషి పాట వేరు అని దానికి తెలుసట. రోజుకు ఎన్ని నిమిషాలు, ఎంతమంది పాడారో కొలిచి పట్నానికి పంపుతుంది. దాన్ని బట్టి ఆనంద సూచికలో ఊరికి నూటికి ఇన్ని పాయింట్లు.

"పాడే ఊరు ఆరోగ్యమైన ఊరు," అని డైరెక్టరు గారు వివరించారు. "రోగి పాడడు. పాడినవాడు రోగి కాడు. ఇక రోగము కొలుచుటకు వేరే పరికరములేల?"

మొదటి నెల మాకు పదకొండు పాయింట్లు వచ్చాయి. ఆ పదకొండూ పెంటయ్య కల్లు దుకాణం నుంచి మాత్రమే వచ్చాయి.

రెండో నెలలో ఐదుగురు పోయారు. చలి ముదిరితే మా దగ్గర అంతే.

మా దిక్కు చావు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్తాను. మా ఆడవాళ్లు ఊరకే ఏడవరు. శవం చుట్టూ కూర్చుని, ఒకరి మెడ మీద ఒకరు చెయ్యేసుకుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడు ఏం తిన్నాడు, ఏం కట్టాడు, ఎవరికి ఏం మేలు చేశాడు, ఎవరిని ఎట్లా అన్యాయం చేసి పోతున్నాడు, అంతా వరసగా వస్తుంది. ఒకరు మాట అందిస్తే పదిమంది దాన్ని లాగుతారు. పై ఊరి చుట్టాలు పొలిమేర దగ్గరే ఎత్తుకుంటారు. మూడోనాడు ఏడుపుంది, పదోనాడు ఏడుపుంది. ఉశేనమ్మ ఏడ్చిందంటే పాడె మోసేవాళ్లు కూడా ఒక నిమిషం దించి వినిపోతారు. చుట్టు ఏడూళ్లకు ఆమెను తీసుకుపోతారు.

స్తంభం మీది డబ్బా ఇదంతా విన్నది.

నెలాఖరుకు మా పాయింట్లు అరవై నాలుగు. తరువాతి నెల ఇంకో ఆరుగురు. తొంభై రెండు.

*

మండలి నుంచి పరిశీలకులు దిగారు. పూలదండ తెచ్చారు. ఎవరికి వెయ్యాలో తెలియక స్తంభానికే వేశారు.

"అది పాట గాదు సారూ, ఏడుపు," అన్నది ఉశేనమ్మ.

పరిశీలకుడు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని రికార్డు విన్నాడు. కళ్లు మూసుకున్నాడు. తొడ మీద తాళం కూడా వేశాడు.

"రాగం ఉందా, లేదా?"

"ఉన్నది."

"మాటలు ఉన్నాయా?"

"ఉన్నయ్."

"ఒకరు పాడితే పదిమంది అందుకుంటున్నారా?"

"అందుకోకుంటె ఎట్ల సారూ, తప్పు గాదా?"

"అయితే ఇది సామూహిక స్వచ్ఛంద గానం. మీరు ఏ ఉద్దేశంతో పాడారన్నది మండలి పరిధిలోకి రాదు."

నేను అడ్డం పడ్డాను. పదకొండు మంది పేర్లు, వయసులు రాసిన కాగితం చేతిలో పెట్టాను. అతను శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పేర్లు తర్వాత నివేదికలో వచ్చాయి. 'గానమునకు ప్రేరణ కలిగించిన స్థానికులు' అని.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తెల్లగుట్ట గ్రామము ఆనంద సూచికలో ప్రథమ స్థానము పొందినందున, అట్టి ఆరోగ్యవంతమైన గ్రామమునకు సంచార వైద్య వాహనము పంపుట వనరుల దుర్వినియోగమగును గనుక, సదరు వాహనమును తక్షణము ఉపసంహరించడమైనది.

ఆ గురువారం బండి రాలేదు. శుక్రవారానికి కుర్మయ్య బామ్మర్ది ఖాళీ అయ్యాడు.

*

డాక్టరమ్మ మంచిది. సెలవు పెట్టి, సొంత స్కూటర్ మీద ఒక సిలిండర్ కట్టుకుని వచ్చింది. "నేను ఇట్లా ఎన్నిసార్లు తేగలను అన్నా," అన్నది నాతో. "పైవాళ్లు రాసిస్తే తప్ప బండి కదలదు." కుర్మయ్య దాన్ని రోజుకు రెండు గంటలు వాడుకున్నాడు. మిగతా టైము గోడకు ఆనుకుని, కూర్చునే ఊపిరి తీసేవాడు. పడుకుంటే ఆడదు.

నేను పట్నం పోయాను. అర్జీలు రాయడం నాకు కొత్త కాదు, కొత్త ఏమిటంటే ఈసారి జవాబిచ్చారు. జవాబు చెప్పిన మనిషి నాద నిర్వహణ విభాగం సూపర్నెంటు.

"పాయింట్లు యాభై కంటే తగ్గితే బండి పునరుద్ధరణకు మీరు అర్హులు."

"తగ్గాలంటె?"

"పాడకండి."

ఇంటికొచ్చి చెప్పాను. అప్పుడే మిద్దింటి భీమన్న పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చున్నారు. కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భీమన్న తల్లి నేల మీద అరచేతులు కొడుతూ ఊగింది గానీ నోరు తెరవలేదు. పై ఊరి నుంచి వచ్చిన మేనత్త పొలిమేరలో రాగం ఎత్తబోతే ఇద్దరు పరుగున పోయి నోరు మూశారు. మా ఊళ్లో అట్లాంటి చావు నేను చూడలేదు. కుక్కలు కూడా అరవలేదు. పదిరోజులు అట్లాగే గడిపారు.

డబ్బా ఏమీ వినలేదు. నేను మళ్లీ పట్నం పోయాను.

"చూశాం," అన్నాడు సూపర్నెంటు. "పూర్తి నిశ్శబ్దం. మౌనం కూడా సంగీతంలో భాగమేనండి. ఊరు ఊరంతా పదిరోజులు మౌనంలోకి వెళ్లిందంటే అది ధ్యానస్థాయి. దానికి నాలుగు పాయింట్లు అదనం. తొంభై ఆరు. ఇంకో మాట, వచ్చే నెల పురస్కార సభ. మీ బృందం పాడాలి. డైరెక్టరు గారు మరీ మరీ చెప్పారు."

*

సభకు ముందు డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడారు.

"ఆ యొక్క గానమునే వేదిక మీద వినిపించవలెను. అదే శైలి, అదే ఆర్తి."

"అట్ల రాదు సారూ," అన్నది ఉశేనమ్మ. "మనిషి గావాలె. ఫలానోడని ఉంటెనే మాట వస్తది. ఉత్తగ ఎవర్ని జెప్పుకోని ఎత్తుకోవాలె?"

డైరెక్టరు గారు ఆలోచించారు. కొంచెం సిగ్గుపడ్డారు కూడా.

"అయితే నన్నే అనుకొనుడు. మండలికి నేను చేసిన సేవలు నాలుగు చరణములలో వచ్చిన సముచితముగా నుండును."

ఆడవాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు, అదే ఆశ్చర్యం.

"మీ మీద వద్దు సారూ," అన్నది ఉశేనమ్మ, నిజం చెప్పాలంటే మనసులో ఉన్నమాటే. "మంచిది గాదు."

"మొగమాటపడవద్దు. ఇది నా ఆదేశము." సంచిలోంచి రెండు పేజీల బయోడేటా తీసి ఆమె చేతిలో పెట్టారు.

ఆయన కారు దుమ్ములో కలిసేదాకా ఉశేనమ్మ ఆ కాగితాలను చూస్తూ నిలబడింది. తర్వాత నా చేతికిచ్చి, "సదువు మరిదీ," అన్నది. "ఒక్కటి గూడ ఇడ్వకు."

పది రోజులు కుర్మయ్య మంచం పక్కనే సాధన జరిగింది. ఆయన గోడకు ఆనుకుని విన్నాడు. ఒకనాడు చెయ్యెత్తి ఆపాడు.

"ఏమే, నా మీద ఏడ్సేటప్పుడు గూడ ఇంత సక్కగ ఏడుస్తవా?"

"నీకేమున్నది బయోడేట. రెండు ముక్కలల్ల అయిపోతది."

"మురళి వాయిస్తుండె అని వెట్టు."

ఆమె నవ్వింది. తర్వాత లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

*

పట్నంలో పెద్ద హాలు. వేదిక మీద మంత్రిగారు మధ్యలో, డైరెక్టరు గారు పక్కన. ముందు వరసలో డైరెక్టరు గారి తల్లి మాణిక్యమ్మ. ఎనభై ఏళ్ల మనిషి, పట్టుచీర కట్టించి తెచ్చారు గానీ కాళ్లకు కడియాలున్నాయి. ఏదో పల్లె నుంచి వచ్చిన మనిషని కూర్చున్న తీరే చెప్పింది.

మా ఆడవాళ్లు పన్నెండుమంది వేదిక ఎక్కారు. కుర్చీలు వేస్తే పక్కకు జరిపి కింద కూర్చున్నారు. మెడల మీద చేతులు పడ్డాయి. ఉశేనమ్మ కొప్పు విప్పింది.

"ఓ నా సారో... తెల్లకారు వాకిట్ల నిలవడె సారో... ఎక్కేటోడు యాడ వాయె సారో..."

పదకొండు గొంతులు లాగాయి. డైరెక్టరు గారు చిరునవ్వుతో తల ఊపారు.

"ఎమ్మెస్సీ సదివితివి సారో... రెండు పతకాలు దెస్తివి సారో... పతకాలు గోడకుండె సారో... నువ్వు మట్టికి వోతివా సారో..."

తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. టీ కప్పులు మోస్తున్న అటెండరు ట్రే కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"పదారు కమిటీలల్ల ఉంటివి సారో... ఒక్క కమిటన్న నిన్ను ఆపకపాయె సారో... ఇమానమెక్కి దేశాలు వోయొస్తివి సారో... రాని తొవ్వ ఎట్ల వడితివి సారో... లేవరాదు సారో... లేసి మా ఫైలు మీద సంతకం వెట్టరాదు సారో..."

మంత్రిగారు చప్పట్లకు చేతులెత్తారు. అప్పటికే మాణిక్యమ్మ లేచింది. ఎవరూ పట్టుకోకుండా మెట్లెక్కింది. తిన్నగా కొడుకు దగ్గరకు పోయి నుదురు తడిమింది, చెయ్యి పట్టుకుని చూసింది.

"అమ్మా, ఇది జానపద శైలి," అన్నారు డైరెక్టరు గారు.

"నోర్ముయ్," అన్నది తల్లి. "నిన్ను జంపి పాతిపెట్టిండ్రు, నువ్వు తల ఊపుతున్నవ్."

మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట హాలంతా వినబడింది. డైరెక్టరు గారి మొఖంలో చదువు ఒక పక్క నుంచి, తల్లి ఒక పక్క నుంచి వచ్చి కొట్టుకున్నాయి. తల్లి గెలిచింది. ఆయన కుర్చీలో కూలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, అది కొట్టుకుంటున్నదా లేదా అని వినసాగారు.

మాణిక్యమ్మ ఉశేనమ్మ ముందు కూర్చుంది.

"బిడ్డా, నా కొడుకు నీకేం జేసిండో నేనడగ. బతికున్నోన్ని ఏడిస్తె మీ దిక్కు ఏం జేస్తరు? ఇర్గుడు ఉన్నదా?"

ఉశేనమ్మ కొప్పు ముడేసుకుంది. తొందరపడలేదు.

"ఉన్నది పెద్దమ్మా. ఏడ్సినోళ్ల ఊర్లెకే ఆ మనిషి రావాలె. వైద్యం జేసే మనిషి నాడి వట్టి, పెయ్యంత సూసి, బతికే ఉన్నడని నల్గురి ముందట జెప్పాలె. ఒక్కన్ని సూస్తె దోషం వోదు. ఎన్క ఊరు ఊరంత నిలవడాలె, అందర్నీ సూడాలె. గురువారమే జెయ్యాలె. ఏడు వారాలు తప్పొద్దు."

ఈ ఆచారం మా ఊళ్లో ఎప్పటి నుంచి ఉందని తర్వాత కొందరు అడిగారు. ఆ క్షణం నుంచి ఉంది.

*

ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది. అర్జీకి ఎనిమిది నెలలు పట్టే ఆఫీసు అది. 'నాద సంబంధిత అనిష్ట నివారణార్థము సంచార వైద్య వాహనమును ఏడు గురువారములు ప్రత్యేక ప్రాతిపదికన పంపుటకు అనుమతించడమైనది.'

గురువారం బండి వచ్చింది. వెనకాలే డైరెక్టరు గారి కారు. దిగి, తల్లి చెయ్యి పట్టుకుని లైన్లో ముందు నిలబడ్డారు. ఆయన వెనక ఉశేనమ్మ, ఆమె భుజం మీద బరువేసి కుర్మయ్య, వాళ్ల వెనక ఊరు. డాక్టరమ్మ ఆయన నాడి పట్టింది, ఎక్స్‌రే తీసింది, బండి మెట్టు మీద నిలబడి పెద్ద గొంతుతో చెప్పింది: "బతికే ఉన్నారు."

ఆయన నిట్టూర్చారు. సుఖమైన, పొడవాటి నిట్టూర్పు. మా లైన్లో అంత ఊపిరి ఒక్కసారిగా వదలగలిగినవాడు ఇంకొకడు లేడు.

లోపల దీపపు పలక మీద రెండు ఫిల్ములు పక్కపక్కన ఆరుతున్నాయి. ఆయనది నల్లగా, ఖాళీగా. కుర్మయ్యది గుట్టలాగా తెల్లగా. డైరెక్టరు గారు చాలాసేపు చూశారు.

"రెండవ ఫిల్ము పాడైనదా?"

"లేదు సార్," అన్నది డాక్టరమ్మ. "అది మనిషి."

ఆయన కారెక్కి పోయారు. నాలుగు వారాలు ఏమన్నా మారతాడేమోనని ఎదురుచూశాను. మారలేదు. ప్రతి గురువారం వస్తాడు, బతికున్నాడని చెప్పించుకుంటాడు, పోతాడు. స్తంభం మీది డబ్బా అట్లాగే ఉంది. మాకు కావలసింది ఆయన మనసు కాదు గనక నేనూ పట్టించుకోవడం మానేశాను. కుర్మయ్య బామ్మర్ది గురువారం వస్తున్నాడు, బుధవారం దాకా ఉంటున్నాడు.

ఏడో గురువారం సిలిండర్ దింపుకున్నాక, బండి ఇక వచ్చే వారం రాదని తెలిసి, నేను అరుగు మీద కూర్చుని అర్జీకి కాగితం తీశాను. 'ఆర్యా' అని మొదలుపెట్టాను. ఉశేనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ చూసింది.

"గది ఇడిసిపెట్టు మరిదీ," అన్నది. "పట్నం వోయి మంత్రిసారు బయోడేట దే."